పాలబండ మీద గవరమ్మ మేళం

పిల్లలూ, పాలబండ అడవి గురించి మీరెప్పుడూ వినలేదంటే ఆ తప్పు మీది కాదు. మీకు చెప్పాల్సినవాళ్ళది. నేను చెబుతాను, సర్దుకుని కూర్చోండి.

ఆ అడవిలో ఏనుగులు ఉన్నాయి. అడవిదున్నలు, దుప్పులు, కుందేళ్ళు, ముళ్ళపందులు, ఉడుములు ఉన్నాయి. ఇవన్నీ ఏ అడవిలోనైనా ఉంటాయి, ఇందులో గొప్పేముంది అంటారా? ఉంది. ఆ అడవి నడిమధ్యలో పాలు ఒలకబోసినట్టు తెల్లటి రాతిబండ ఉంది. ఎండాకాలం వచ్చిందంటే సాయంత్రాలు దాని మీద ఆటలు జరిగేవి. పాట, కథ, వేషం, చిందు అన్నీ ఉండేవి. చుట్టుపక్కల పది అడవులు వెతికినా అలాంటి ముచ్చట ఇంకోచోట లేదు.

ఆట జరుగుతున్నంతసేపూ ఎవరూ ఎవరినీ తినకూడదు. అది కట్టుబాటు. చిరుతపులి కూడా ముందే ఎక్కడో పొట్ట నింపుకుని, మూతి శుభ్రంగా తుడుచుకుని మరీ వచ్చి కూర్చునేది. అంత మర్యాద తెలిసిన అడవి అది.

ఇంకో ఆచారం కూడా ఉంది. ఆట నచ్చినవాళ్ళు ఆటగాళ్ళకి పళ్ళో, దుంపలో, తేనెపట్టో తెచ్చి ఇచ్చేవారు. దాన్ని చదివింపు అనేవారు. ఎవరు ఏం ఇచ్చారో ఆటగాళ్ళు నలుగురిలో గట్టిగా చదవాలి. పేరు చదివించుకున్నవాళ్ళు ఆ రోజంతా తల ఎత్తుకుని తిరిగేవారు.

పాలబండ మీద ఆడే మేళం కొండముచ్చు గవరమ్మది. ఆవిడ అమ్మమ్మ మొదలుపెట్టిన మేళం, అమ్మ నడిపిన మేళం. గవరమ్మ కథ చెప్పేది. ఊసరవెల్లి రంగయ్య వేషాలు కట్టేవాడు. వేషానికి అతనికి రంగులు కొనక్కర్లేదు కదా, తలుచుకుంటే చాలు. వడ్రంగిపిట్ట సోములు ఎండిన కర్ర మీద ముక్కుతో టకటకమని తాళం వేసేవాడు. బండ మీద ఆడే మేళానికి బండ కిందున్న గుహ ఇచ్చేవారు. వానాకాలమంతా ఆ ముగ్గురూ అందులోనే తలదాచుకునేవారు.

ఇలా ఉండగా ఒక ఏడాది ఎండాకాలం మొదట్లో ఎక్కడినుంచో ఒక నెమలి వచ్చింది. పేరు వన్నెరాజు.

వన్నెరాజు నిజంగానే అందగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. మొదటి సాయంత్రం బండ ఎక్కి పింఛం విప్పేసరికి అడవి మొత్తం నోరు తెరుచుకుని చూసింది. కోతులు కిందికి దిగడం మరిచిపోయాయి. అందరూ "వన్స్‌మోర్" అని అరిచారు. వన్నెరాజు మళ్ళీ ఆడాడు. మళ్ళీ అరిచారు. మళ్ళీ ఆడాడు.

మర్నాడు గవరమ్మ ఆటకి ముళ్ళపంది నూకాలు, ఆమె పిల్లలు ఇద్దరు, నిద్రపోతున్న ఎలుగుబంటి తప్ప ఎవరూ రాలేదు. ఆ ఎలుగుబంటి కూడా ముందురోజు నెమలి ఆట చూస్తూ నిద్రపోయి, ఇంకా లేవలేదంతే.

వన్నెరాజు ఊరుకోలేదు. నేరుగా అడవి పెద్ద, ఏనుగు భద్రమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, ఆ బండ నాకు ఇప్పించండి. గుహ కూడా. ఈ అడవికి నాలాంటివాడు రావడమే అదృష్టం. ముసలమ్మ మేళం ఎవరికి కావాలి?" అన్నాడు.

భద్రమ్మ తొందరపడే మనిషి కాదు. మనిషి కాదులెండి, ఏనుగు. చెవులు రెండూ మెల్లగా ఊపి అంది. "ఒక్క సాయంత్రం చూసి బండ ఇచ్చెయ్యడం మా అడవిలో లేదు నాయనా. ఒకరోజు నువ్వు ఆడు, ఒకరోజు గవరమ్మ ఆడుతుంది. తొలకరి పడే నాటికి ఎవరి ఆటకి జనం నిలుస్తారో వాళ్ళకే బండ, వాళ్ళకే గుహ. రెండోవాళ్ళు వేరే అడవి చూసుకోవాలి."

ఈ మాట గవరమ్మ చెవిన పడింది. ఆవిడ గుండెల్లో రాయి పడింది. బండ పోతే గుహ పోతుంది. గుహ పోతే రంగయ్య వాళ్ళ అక్క పొదకి పోతాడు, సోములు ఎక్కడో చెట్టు చూసుకుంటాడు. మేళం చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోతుంది. అమ్మమ్మ మొదలుపెట్టిన మేళం తన చేతుల్లో ఆగిపోతుంది. దాన్ని తన చేత్తో ఆపెయ్యడం గవరమ్మకి చావుతో సమానం.

"అక్కా, నేనొకటి చెప్పనా?" అన్నాడు రంగయ్య. "జనానికి పింఛం కావాలి. మనమూ పింఛం చూపిద్దాం. కింద రాలిన ఈకలు బోలెడున్నాయి. అవి తోకకి కట్టుకుని, నీలంరంగు తెచ్చుకుని నేనే నెమలి వేషం కడతాను."

సోములు "బాగుంది" అన్నాడు. గవరమ్మకి మనసొప్పలేదు. కానీ భయం పట్టుకున్నప్పుడు బుద్ధి పక్కకి తప్పుకుంటుంది. సరే అంది.

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టయింది. రంగయ్య నీలంగా మారాడు. తోకకి ఈకలు కట్టాడు. బండ మీద రెండు చిందులు వేసేసరికి ఈకల బరువుకి వెల్లకిలా పడ్డాడు. లేవబోయి మళ్ళీ పడ్డాడు. సిగ్గుతో నీలంరంగు కాస్తా ఎర్రగా మారిపోయింది. చూడ్డానికి వచ్చిన పదిమందీ పొట్టలు పట్టుకుని నవ్వారు. కొమ్మ మీద కూర్చుని చూస్తున్న వన్నెరాజు అందరికంటే గట్టిగా నవ్వాడు.

"గవరమ్మగారూ, మీ వాడికి అది బాగా కుదిరింది. పడటం" అన్నాడు.

అందరూ వెళ్ళిపోయారు. రంగయ్య రాతి కింద దూరి ఎంత పిలిచినా బయటికి రాలేదు. గవరమ్మ బండ అంచున చతికిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు చూసింది, ముళ్ళపంది నూకాలు ఇంకా అక్కడే కూర్చుని ఉంది. పిల్లలిద్దరూ పక్కన ఉన్నారు.

"నూకాలూ, అందరూ అటు వెళుతుంటే నువ్వెందుకే ప్రతిసారీ ఇక్కడికే వస్తావు? నా మీద జాలా?" అని అడిగింది గవరమ్మ.

"జాలెందుకు అత్తా? నిరుడు నువ్వు ఒక కథ చెప్పావు. ఒంటినిండా ముళ్ళున్న ఒక తల్లి, పిల్లలందరినీ వెనక పెట్టుకుని తోడేలుకి ఎదురునిలిచిన కథ. మా పెద్దాడు అంతకుముందు రోజూ ఏడ్చేవాడు. నాకీ ముళ్ళెందుకు, నాతో ఎవరూ ఆడుకోరు అని. నీ కథ విన్నాక ఏడుపు మానేశాడు. ముళ్ళు నిక్కబొడుచుకుని అడవంతా తిరిగాడు. నెమలి బాగుంటుంది అత్తా, కాదనను. కానీ నెమలిని చూసి ఇంటికి వెళితే నా పిల్లాడు మళ్ళీ వాడి ముళ్ళ వంక చూసుకుంటున్నాడు."

గవరమ్మ ఆ మాట విని లేచి, కళ్ళు తుడుచుకుని, రంగయ్య దూరిన రాతి దగ్గరికి వెళ్ళింది.

"రంగయ్యా, బయటికి రా. ఏడవడానికి టైము లేదు. మనం తప్పు చేశాం. వాడి ఆట మనం ఆడాం. మన ఆట మనం ఆడదాం."

"మన ఆట ఎవరు చూస్తారక్కా?"

"చూడరు. వాళ్ళే ఆడతారు. రేపు పొద్దున్నే నాతో రా" అంది గవరమ్మ.

మర్నాటి నుంచి గవరమ్మ కొత్త పని మొదలుపెట్టింది. పగలంతా గుమ్మం గుమ్మం తిరిగేది. బొరియ ముందు, పుట్ట ముందు, గూటి కింద కూర్చునేది. "ఏం బాబూ, ఎలా ఉన్నారు? మీ తాత ఏటికి ఎదురీదాడటగా, ఆ ముచ్చట చెప్పు" అని అడిగేది. మొదట్లో అందరూ "మాకేం ముచ్చట్లుంటాయమ్మా, మేమెంత" అనేవారు. గవరమ్మ కదిలేది కాదు. ఇంకాసేపు కూర్చుంటే ముచ్చట దానంతటదే బయటికి వచ్చేది. ముచ్చట లేని ఇల్లు ఈ లోకంలో ఎక్కడుంది చెప్పండి?

అలా విన్న కథని సాయంత్రం బండ మీద ఆడేది. ఒక సాయంత్రం ఉడుము సన్యాసి కథ. వరదలో కొట్టుకుపోతున్న పక్కింటి పిచుకల గూడుని నోట కరుచుకుని గట్టు ఎక్కించాడు సన్యాసి. ఆ సంగతి సన్యాసి పెళ్ళానికి కూడా తెలియదు. రంగయ్య ఉడుము వేషం కట్టాడు. సన్యాసి వాళ్ళావిడ గుంపులోంచి లేచి నిలబడి "మా ఆయనే, మా ఆయనే" అని అందరికీ చెప్పుకుంది.

ఇక్కడితో ఆగలేదు గవరమ్మ. అంతవరకూ పెద్ద జంతువులు ముందు కూర్చునేవి. వెనక కూర్చున్న చిన్నవాటికి ఏనుగుల వీపులు తప్ప ఏమీ కనబడేవి కావు. గవరమ్మ దాన్ని తిరగేసింది. చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు వెనక. ఎలుకలు రాళ్ళ మీద దరువు వేసేవి. కప్పలు వంత పాడేవి. కథలో గాలి రావాలంటే గబ్బిలాలు రెక్కలు ఊపేవి. చూడ్డానికి వచ్చి ఊరికే కూర్చున్నవాళ్ళు ఒక్కరూ ఉండేవారు కాదు.

చదివింపుల దగ్గర కూడా ఆచారం మార్చింది. ఎవరు ఏం ఇచ్చారో చదవడం మానేసింది. ఎవరు ఏం చేశారో చదివేది. "తల్లిలేని దుప్పిపిల్లకి దారి చూపిన నక్క పైడమ్మగారు వచ్చారు" అని గొంతెత్తి చదివేది. పైడమ్మ ఆ రోజు కానుక తేలేదు. వట్టి చేతులతో వచ్చింది. అయినా ఆమె పేరు అడవంతా వినబడింది. తర్వాతి ఆటకి పైడమ్మ తేనెపట్టు తెచ్చింది, చెల్లెళ్ళనీ వెంటబెట్టుకుని వచ్చింది.

ఇదంతా చూసి వన్నెరాజు ముక్కు చిట్లించాడు. "ఉడుముల కథలు, నక్కల కథలు. ఛీ. ఇదొక కళా?" అన్నాడు.

వన్నెరాజు ఆట మాత్రం మారలేదు. అదే పింఛం, అవే చిందులు. మధ్యలో ఆట ఆపి చదివింపులు చదివేవాడు. పెద్ద కానుక తెచ్చినవాళ్ళ పేరు నాలుగుసార్లు చదివేవాడు. అడవిదున్న కొండయ్య పనసకాయలు మోసుకొచ్చి ముందు వరుసలో కూర్చునేవాడు. పేరు చదివితే తల ఊపి, మళ్ళీ కునికిపాట్లు పడేవాడు.

ఒక సాయంత్రం కుందేలు చిట్టెమ్మ ఒక్క ఉసిరికాయ తెచ్చింది. ఎండాకాలం, అంతకంటే ఆమెకి ఏమీ దొరకలేదు. వన్నెరాజు ఆ కాయని ముక్కుతో పైకెత్తి అందరికీ చూపించాడు.

"కుందేలు చిట్టెమ్మగారు, ఒక్కటంటే ఒక్క ఉసిరికాయ. ఇంత పెద్ద కానుక మోయలేక మా నడుం విరిగిపోతోంది."

కొందరు నవ్వారు. చిట్టెమ్మ చెవులు రెండూ వాల్చేసింది. మెల్లగా వెనక్కి జరిగి, చీకటి పడకముందే ఇంటికి వెళ్ళిపోయింది. ఆమెతోపాటు ఆమె చుట్టాలు వెళ్ళారు. కుందేళ్ళకి చుట్టాలు తక్కువా?

అప్పటినుంచి వన్నెరాజు ఆటకి జనం పలచబడ్డారు. చూసినవాళ్ళకి చూసిన పింఛమే కదా. తనలో లోపం ఉందని అతనికి తట్టలేదు. "ఈ అడవికి రసం తెలియదు. మబ్బు పట్టనివ్వండి, అప్పుడు చూస్తారు నా అసలు ఆట. మబ్బు కింద నెమలి ఆడితే కన్ను తిప్పుకోగలిగినవాడు ఇంకా పుట్టలేదు" అన్నాడు.

ఆ మాట మాత్రం నిజం. గవరమ్మకి కూడా తెలుసు. తొలకరి దగ్గరపడేకొద్దీ ఆవిడకి ముద్ద దిగేది కాదు. జనం నిలుస్తారా లేదా అన్నది తేలేది మబ్బు పట్టిన రోజునే.

ఆ రోజు రానే వచ్చింది. ఆ సాయంత్రం వంతు గవరమ్మది.

గవరమ్మ ఆ రోజుకి ఒక్కరి కథ కాదు, అందరి కథ దాచిపెట్టింది. కొన్నేళ్ళ కిందట పాలబండ అడవికి కార్చిచ్చు అంటుకుంది. ఆ మంటని దాటి బతికి బయటపడినవాళ్ళే ఇప్పుడు ఉన్నవాళ్ళంతా. ఆ కథ ఎవరూ ఎప్పుడూ బండ మీద ఆడలేదు. తలుచుకోవడానికి భయం. గవరమ్మ ఇంటింటికీ తిరిగి ఒక్కొక్క ముక్కా ఏరి తెచ్చింది.

అడవంతా వచ్చింది. సోములు తాళం అందుకున్నాడు. రంగయ్య కొమ్మ మీద నిలబడి ఎర్రగా మారాడు, నారింజరంగుగా మారాడు, మంట అంటుకున్నట్టే ఉంది. గుంపు ఊపిరి బిగపట్టింది.

సరిగ్గా అప్పుడు ఆకాశం నల్లబడింది. చల్లగాలి వీచింది. బండ రెండో చివరినుంచి కేక వినబడింది. తన వంతు కాకపోయినా వన్నెరాజు బండ ఎక్కి పింఛం విప్పాడు.

అబ్బ, ఏం ఆట అది! నల్లటి మబ్బు కింద వెయ్యి కళ్ళు ఒక్కసారి తెరుచుకున్నట్టుంది. ఈకలు గలగలలాడాయి. పింఛం అటు తిరిగింది, ఇటు తిరిగింది. గుంపులో తలలన్నీ అటు తిరిగాయి. దుప్పులు లేచాయి. కోతులు లేచాయి. చిట్టెమ్మ కూడా లేచింది. చూస్తుండగానే సగం గుంపు అటు నడిచింది. ఏనుగు భద్రమ్మ కూడా అటే చూస్తోంది.

రంగయ్య ఎరుపు పోయి తెల్లబడ్డాడు. "అక్కా, అయిపోయింది" అన్నాడు.

గవరమ్మకీ అలాగే అనిపించింది. కానీ ఆవిడ ఎవరి మనవరాలు? గొంతు సవరించుకుంది. వెళ్ళినవాళ్ళని తిట్టలేదు, ఆగమని బతిమాలలేదు. కథ ఎక్కడ ఆగిందో అక్కడినుంచి అందుకుంది. తన దగ్గర మిగిలినవాళ్ళ వైపు తిరిగి అడిగింది.

"ఆ రోజు అందరమూ నిద్రలో ఉన్నాం. పొగ వాసన ముందుగా పట్టింది ఎవరు? కాళ్ళు నేలకేసి దబదబా కొట్టి అడవిని లేపింది ఎవరు?"

బండ రెండో చివర చిట్టెమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. పింఛం కళ్ళ ముందే ఉంది. అయినా తల వెనక్కి తిరిగింది.

"నేనే" అంది చిట్టెమ్మ. మెల్లగా అంది. ఆ తర్వాత గట్టిగా అంది. "నేనే లేపాను." గెంతుకుంటూ వెనక్కి వచ్చి, గవరమ్మ పక్కన బండ మీద నిలబడి, కాళ్ళతో దబదబా కొట్టి చూపించింది.

"లేచాం. కానీ పొగలో దారి తెలియలేదు. ఏటికి దారి చూపింది ఎవరు?"

"మా నాన్న" అని దుప్పుల్లోంచి ఒక గొంతు వచ్చింది. దుప్పులన్నీ వెనక్కి తిరిగాయి.

"నడవలేని ముసలివాళ్ళని, కళ్ళు తెరవని పిల్లల్ని వీపుల మీద మోసింది ఎవరు?"

"మేము" అన్నాయి కోతులు. ఒక్కటి కాదు, అన్నీ. పరుగెత్తుకుంటూ వచ్చాయి.

"ఏరు దాటే చోట పెద్ద మాను అడ్డంగా పడి దారి మూసేసింది. కొమ్ములు విరుగుతాయని తెలిసీ దాన్ని నెట్టి ఏటి మీద వంతెనలా వేసింది ఎవరు?"

అందరూ ఒకవైపే చూశారు. వన్నెరాజు ముందు మిగిలింది అడవిదున్న కొండయ్య ఒక్కడే. పనసకాయల కొండయ్య, పేరు నాలుగుసార్లు చదివించుకునే కొండయ్య. అతని ఎడమ కొమ్ము చివర విరిగి ఉంది. అదెలా విరిగిందని ఇన్నేళ్ళలో అతన్ని ఎవరూ అడగలేదు. గవరమ్మ ఒక్కతే వెళ్ళి అడిగింది.

కొండయ్య లేచాడు. బరువుగా నడుచుకుంటూ వచ్చి, విరిగిన కొమ్ము అందరికీ కనబడేలా తల వంచి నిలబడ్డాడు. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. వాటిని దాచుకోలేదు.

"ఏరు దాటాం. అవతలి గట్టు మీద నిలబడి చూశాం. మన అడవి కాలిపోతోంది. ఏటి నీళ్ళు తొండంతో పట్టి, కాలుతున్న గట్టు మీద తెల్లవార్లూ చల్లింది ఎవరు?"

భద్రమ్మ తీర్పు చెప్పాల్సిన పెద్ద. ఎవరి పక్షానా మాట్లాడకూడదని ఎండాకాలమంతా నోరు కట్టుకుని కూర్చుంది. ఇప్పుడు ఆమె తొండం పైకి లేచింది.

"నేను" అంది భద్రమ్మ. "నేను, మా అక్కచెల్లెళ్ళు. చల్లాం, చల్లాం, చాలలేదు. అప్పుడు అందరం తలలెత్తి ఆకాశం వంక చూశాం."

అందరూ తలలెత్తారు. మొదటి చినుకు భద్రమ్మ నుదుటి మీద పడింది.

ఆ తర్వాత వాన కుండపోతగా పడింది. ఏ వాన ఆ రోజు మంటని ఆర్పిందో అదే మళ్ళీ వచ్చినట్టు ఉంది అందరికీ. సోములు తాళం వేసే కర్ర తడిసి మెత్తబడింది, శబ్దం రాలేదు. పరవాలేదు, ఎలుకలు అందుకున్నాయి. గవరమ్మ గొంతు బొంగురుపోయింది. పరవాలేదు, కప్పలు అందుకున్నాయి. అడవి మొత్తం తన కథ తానే పాడుకుంది. ఒక్కరు కూడా చెట్టు కిందికి పోలేదు. పిల్లలకి టేకాకులు గొడుగులుగా పట్టి మరీ నిలబడ్డారు.

బండ రెండో చివర వన్నెరాజు ఆడుతూనే ఉన్నాడు. చూసేవాళ్ళు లేరు. తడిసిన పింఛం బరువెక్కి నేలకి వాలింది.

కథ ముగిశాక భద్రమ్మ అంది. "బండ ఎవరిదో నేను చెప్పక్కర్లేదు. గవరమ్మా, గుహలో పొడి ఆకులు పరిపిస్తాను. వెళ్ళి పడుకోండి."

గవరమ్మ ముందు గుహకి వెళ్ళలేదు. వానలో వన్నెరాజు దగ్గరికి వెళ్ళింది. గెలిచినవాళ్ళు వెటకారం చెయ్యడం ఆవిడ వంశంలో లేదు.

"నాయనా, నీ ఆట గొప్పదే. ఎవరూ కాదనరు. మాతో ఉండిపో. ఈసారి నీ కథ ఆడదాం. నువ్వు ఎవరికోసం ఏం చేశావో ఒక్కటి చెప్పు. దాన్ని అడవంతా వినేలా చదువుతాను" అంది.

వన్నెరాజు నోరు తెరిచాడు. ఎన్నో అడవులు తిరిగాడు. ఎందరిముందో ఆడాడు. ఎంతోమంది వన్స్‌మోర్ అన్నారు. ఎంత ఆలోచించినా చెప్పడానికి ఒక్క ముచ్చట రాలేదు. ఈ అడవిలో కనీసం తన ఆట చూసినవాళ్ళ పేర్లు కూడా, కానుకలు పెద్దవైతే తప్ప, అతనికి గుర్తులేవు.

"నాకు పింఛం ఉంది. నాకు కథలెందుకు?" అన్నాడు. గొంతు మాత్రం మునుపటిలా లేదు.

"నీ ఇష్టం నాయనా. వాన తగ్గాక వెళ్ళు, జలుబు చేస్తుంది" అంది గవరమ్మ.

అతను ఆగలేదు. తడి పింఛం బురదలో ఈడ్చుకుంటూ వేరే అడవి వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

వానాకాలంలో ఆటలు ఉండవు. ఆట లేకపోతే ఆటగాళ్ళు ఎవరికి గుర్తుంటారు? కానీ ఆ ఏడాది గుహ ముందు రోజూ ఏదో ఒకటి ఉండేది. ఒకరోజు దుంపలు, ఒకరోజు పుట్టగొడుగులు, ఒకరోజు పుట్టతేనె. ఎవరు పెట్టారో పేరు చదవమని ఎవరూ అడగలేదు. ఎండలు ఎప్పుడు మొదలవుతాయా, బండ ఎప్పుడు ఆరుతుందా అని మాత్రం అందరూ అడిగేవారు.

మరుసటి ఎండాకాలం పొరుగు అడవినుంచి ఒక కొంగ వచ్చింది. దారిలో కనబడిన నూకాలు పెద్దకొడుకుని ఆపి అడిగింది. "బాబూ, ఈ అడవిలో ఆటలు అద్భుతంగా ఉంటాయని విన్నాను. ఆడేది ఎవరు?"

ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని ఆ పిల్లాడు చెప్పాడు. "మేమే."

బండ మీద కూర్చుని సోములుకి పేలు చూస్తున్న గవరమ్మ ఆ మాట వింది. తన పేరు చెప్పలేదని ఆవిడకి కించిత్తు కూడా బాధ కలగలేదు. ఆ రోజంతా అడవిలో అందరికంటే తల ఎత్తుకుని తిరిగింది ఆవిడే.

నీతి: తన గొప్ప చూపించేవాడి దగ్గరికి జనం ఒకసారి వచ్చి వెళతారు, వాళ్ళ గొప్ప వాళ్ళకి చూపించేవాడి దగ్గర ఎప్పటికీ నిలిచిపోతారు.